ఫాస్ట్ బౌలర్ కావాలనుకునే పిల్లాడికి ఏ మాస్టారు?

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ క్రికెట్ కోచింగ్ దొరకడం ఇప్పుడు కష్టం కాదు. ఖాళీ స్థలం చూసి నెట్ కడితే అకాడమీ అయిపోతోంది. కష్టమల్లా ఫాస్ట్ బౌలింగ్ తెలిసిన మాస్టారు దొరకడమే. ఈ అకాడమీల్లో చాలావరకు బ్యాటింగ్ చుట్టూనే తిరుగుతాయి. తండ్రులు ఫీజు కట్టేది కొడుకు కవర్ డ్రైవ్ చూసుకోవడానికి. ఆ కవర్ డ్రైవ్‌కి ఎవరో ఒకరు బంతి వెయ్యాలి కదా! కాస్త పొడుగ్గా, బలంగా ఉన్న కుర్రాణ్ని పిలిచి బంతి చేతికిస్తారు. వాడు గంటన్నర ఆపకుండా వేసి, ఇంటికొచ్చి "మాస్టారు నాకు చాలా ఛాన్సులు ఇస్తున్నారు నాన్నా" అని మురిసిపోతాడు. నిజానికి వాడు అక్కడ నేర్చుకుంటున్నది తక్కువ. మనం ఫీజు కట్టి మరీ వాడిని బౌలింగ్ మెషిన్‌గా పంపిస్తున్నాం.

అందుకని కోచ్‌ని ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఆయన ఏ జట్టుకి ఆడాడన్నది కాదు. పిల్లాడు వేసే బంతులు లెక్కపెడతాడా లేదా అన్నది. మిగతా పోలికలన్నీ దాని తర్వాతే.

లెక్క ఎందుకంటే

ఫాస్ట్ బౌలర్ ముందు కాలు నేలకు తగిలే క్షణంలో ఒంటి బరువుకు ఐదారు రెట్ల దెబ్బ ఆ కాలి మీద పడుతుంది. అదే క్షణంలో నడుము వెనక్కి వంగి, పక్కకి ఒరిగి, మెలి తిరుగుతుంది. ఆ భారం నడుము కింది వెన్నుపూసల మీదికి వస్తుంది, అదీ ఎక్కువగా ఒక పక్కకే: కుడిచేతి బౌలర్‌కి ఎడమ పక్క, ఎడమచేతి వాడికి కుడి పక్క. ఎదిగే వయసులో ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. ఇవాళ్టి ఒత్తిడి నుంచి కోలుకునేలోపే రేపు మళ్లీ అంతే ఒత్తిడి పడుతూ ఉంటే సన్నటి పగులు మొదలవుతుంది. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీ అంతటివాడు 1973లో వెస్టిండీస్ పర్యటనలో వెన్నులో ఇలాంటి పగుళ్లతోనే ఆగిపోయాడు. మన బుమ్రా 2023లో వెన్నుకి ఆపరేషన్ చేయించుకున్నాడు. బుమ్రా వెనక బోర్డు ఉంది, ఫిజియోలు ఉన్నారు. మన పిల్లాడి వెనక మనమూ ఆ మాస్టారూ తప్ప ఎవరూ లేరు.

ఇంగ్లండ్ బోర్డు పిల్లల ఫాస్ట్ బౌలింగ్‌కి పరిమితులు పెట్టినప్పుడు 13 ఏళ్ల లోపు వాళ్లకి ఒక స్పెల్‌లో, అంటే ఒక విడతలో, 5 ఓవర్లు, రోజు మొత్తం మీద 10 ఓవర్లు అంది. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ ఆడించే లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్ల పిచర్, అంటే బంతి విసిరేవాడు, రోజుకు 85 బంతులు దాటి విసరకూడదు. 66 గానీ అంతకు మించి గానీ విసిరితే నాలుగు రోజులు పిచింగ్‌కి సెలవు. అక్కడ స్కోరు రాసేవాళ్లతో పాటు బంతులు లెక్కపెట్టడానికీ ఒకరుంటారు. మన దగ్గర, నిమిషానికి ఒక బంతే అనుకున్నా, గంటన్నర నెట్‌లో 90 అవుతాయి. అంటే 15 ఓవర్లు. వారానికి ఆరు రోజులు! నమ్మకం కుదరకపోతే ఒక సాయంత్రం గ్రౌండ్ గోడ మీద కూర్చుని మీరే లెక్కపెట్టి చూడండి.

మన చుట్టుపక్కల ఉన్న దారులు

మొదటిది ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్, దాని జిల్లా సంఘాల దారి. విజయనగరం వాళ్లకు ఇందులో ఒక అదృష్టం ఉంది. చింతలవలసలో డాక్టర్ పి.వి.జి.రాజు పేరు మీద ఏసీఏ క్రీడా ప్రాంగణం ఉంది, రంజీ మ్యాచ్‌లు జరిగిన టర్ఫ్ అది. ఈ దారిలో మంచి పిచ్‌లు, సర్టిఫికెట్ ఉన్న కోచ్‌లు, అండర్-14, అండర్-16, అండర్-19 అంటూ వరుసగా మెట్లు ఉంటాయి. అయితే డబ్బు కట్టి చేరిపోయే చోటు కాదిది. సెలెక్షన్‌లో నిలబడితేనే లోపలికి. ప్రాబబుల్స్‌లో, అంటే జట్టుకు పరిశీలించే వాళ్ల జాబితాలో, పేరు వచ్చాక క్యాంపుల్లో నేర్పేది ఎక్కువగా మ్యాచ్‌కి సిద్ధం చెయ్యడమే. పన్నెండేళ్ల వాడికి యాక్షన్, అంటే బంతి వేసే తీరు, కుదిర్చే తీరిక అక్కడ ఉండదు. కనుక ఇది మిగతావాటికి బదులు కాదు, మిగతావాటి తర్వాత వచ్చేది. ఈలోపు ఒక పని మాత్రం చెయ్యొచ్చు. దగ్గర్లో రంజీ మ్యాచ్ ఉన్నప్పుడు ఆట మొదలవడానికి గంట ముందే పిల్లాణ్ని తీసుకెళ్లి, ఫాస్ట్ బౌలర్లు ఎలా వార్మప్ చేస్తారో చూపించండి. ఎంతసేపు ఒళ్లు సాగదీసుకుంటారు, ఎన్ని బంతులు మెల్లగా వేశాక అసలు వేగానికి వెళతారు... నెల రోజులు చెప్పినా ఎక్కనిది ఆ గంటలో ఎక్కుతుంది.

రెండోది ఊళ్లో ప్రైవేట్ అకాడమీ. ఇక్కడ ఒక చిన్న భాగహారం చాలు. బ్యాచ్‌లో 30 మంది, ఒకే మాస్టారు, రెండు గంటల సమయం. మీ వాడి వాటా నాలుగు నిమిషాలు. అది తప్పని నేను అనను. పదేళ్లలోపు పిల్లలకు గ్రౌండ్ అలవాటు కావడానికి, నలుగురితో కలిసి ఆడటానికి, ఫీల్డింగ్, క్యాచింగ్ పట్టుబడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. కానీ "స్పెషల్ ఫాస్ట్ బౌలింగ్ కోచింగ్" అని బోర్డు మీద రాసుంటే ఆ స్పెషల్ ఏ రోజు, ఎవరు చెబుతారు, ఎంతమందికి అని అడగండి. ఒక రోజంటూ చెప్పలేకపోతే అది బోర్డు మీద మాత్రమే ఉందన్నమాట.

మూడోది, నాకు అన్నిటికన్నా ఆశ ఉన్నదీ భయం ఉన్నదీ, పాత బౌలర్ల దగ్గర విడిగా నేర్చుకోవడం. జిల్లాకో యూనివర్సిటీకో ఆడి, ఇప్పుడు ఏదో ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్నో సాయంత్రమో ఇద్దరు ముగ్గురికి చెప్పేవాళ్లు రెండు ఊళ్లలోనూ ఉన్నారు. విజయనగరంలో విజ్జీ స్టేడియం వైపు, శ్రీకాకుళంలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ వైపు పొద్దున్నే వాకింగ్‌కి వచ్చేవాళ్లని అడిగితే పేర్లు దొరుకుతాయి. ఇలాంటి మాస్టారిలో మంచివాడు దొరికితే ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు. నొప్పి అంటే ఏంటో ఆయన ఒంటికి తెలుసు. భయం ఎందుకంటే, కొందరు పిల్లాడి యాక్షన్ చూడరు, అందులో తమ యాక్షన్ కోసం వెతుకుతారు. "నేనిలాగే ఏసేవోణ్ని, నువ్వూ ఇలాగే ఎయ్" అని మొదటి వారంలోనే చెయ్యి పట్టుకుని తిప్పేవాళ్ల దగ్గర జాగ్రత్త. ఆయన ఒళ్లు వేరు, మీ వాడి ఒళ్లు వేరు.

నాలుగోది విశాఖ. విజయనగరం వాళ్లకి ఇది సాధ్యమే. ఆనందపురం మీదుగా, విశాఖ క్రికెట్ స్టేడియం ఉన్న మధురవాడ చేరడానికి నగరంలోకి పోనక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి మాత్రం వంద కిలోమీటర్ల పైమాటే. ఇచ్ఛాపురం వాళ్లకైతే విశాఖ కన్నా బరంపురమే దగ్గర. రెండు గంటలు బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చున్న పిల్లాడు దిగీ దిగగానే పరుగెత్తి బంతులు వెయ్యడం మంచిది కాదు. వారం వారం వెళ్లి అలిసిపోయే కన్నా, నెలకో రెండు నెలలకో ఒకసారి వెళ్లి, మంచి కోచ్‌కి యాక్షన్ చూపించి, చెయ్యాల్సిన పని రాయించుకుని వచ్చి, దాన్ని ఊళ్లోనే ఎవరో ఒకరి కంటి ముందు చేసుకోవడం మేలు. ఖర్చూ తగ్గుతుంది, ఆదివారం మిగులుతుంది. కాకపోతే ఈ ఏర్పాటు గురించి ఊళ్లోని మాస్టారికి ముందే చెప్పాలి. దాచిపెట్టి నడిపిస్తే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పి పిల్లాడు మధ్యలో నలిగిపోతాడు.

ఫోన్‌లో వీడియో పంపితే సలహా ఇచ్చే ఆన్‌లైన్ కోచ్‌లు కూడా ఉన్నారు. రెండో అభిప్రాయానికి పనికొస్తారు, అంతకు మించి కాదు. పిల్లాడి మొహంలో అలసట వీడియోలో కనిపించదు.

ఫోన్ పెట్టే పరీక్ష

కోచ్ దగ్గరికి వెళ్లే ముందు మీ ఫోన్‌తో ఒక పని చెయ్యండి. అంపైర్ నిలబడే చోట, స్టంప్‌లకు కాస్త వెనక, నడుమెత్తున ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో నాలుగైదు బంతులు తియ్యండి. తర్వాత పక్క నుంచి మరో నాలుగు. ఇంటికొచ్చి వెనక నుంచి తీసిన దాన్ని మెల్లగా జరుపుతూ, గెంతిన తర్వాత వెనక కాలు నేలకానిన చోట ఆపండి. ఆ ఒక్క ఫ్రేమ్‌లో మూడు చూడాలి: పాదం ఎటు తిరిగి ఉంది, తుంటి ఎటు ఉంది, భుజాలు ఎటు ఉన్నాయి. మూడూ పక్కకి ఉంటే సైడ్ ఆన్. మూడూ బ్యాట్స్‌మన్ వైపు ఉంటే ఫ్రంట్ ఆన్. రెండూ మంచివే. తుంటి బ్యాట్స్‌మన్ వైపు ఉండి భుజాలు మాత్రం పక్కకి మెలి తిరిగి ఉంటేనే ఇబ్బంది. దాన్ని మిక్స్‌డ్ యాక్షన్ అంటారు. అక్కడి నుంచి ముందు కాలు పడేలోపు భుజాలు ఇంకా వెనక్కి తిరుగుతున్నాయంటే నడుము తువ్వాలు పిండినట్టు మెలిపడుతోందని అర్థం. వెన్ను గాయాలతో ఎక్కువగా ముడిపడి కనిపించేది ఈ యాక్షనే.

ఇప్పుడు ఆ వీడియో పట్టుకెళ్లి కోచ్‌కి చూపించండి. మీకు తెలిసింది ఏమీ చెప్పొద్దు. "మాస్టారూ, ఒకసారి చూసి చెప్పండి" అని ఊరుకోండి. పనితనం ఉన్నవాడు రెండుసార్లు చూస్తాడు, మీరు ఆపిన చోటే తనూ ఆపుతాడు. తర్వాత ఎదురు ప్రశ్నలు వేస్తాడు: ఎన్నో ఏడు, ఈ సంవత్సరం ఎంత పొడుగు పెరిగాడు, నడుము ఎప్పుడైనా నొప్పి అన్నాడా, వారానికి ఎన్ని రోజులు వేస్తున్నాడు, ఆదివారం టెన్నిస్ బంతి ఆడతాడా. ఆ ప్రశ్నలు వినిపించాయంటే మీ వెతుకులాట దాదాపు అయిపోయినట్టే. సగం వీడియో చూసి ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ "స్పీడు తక్కువండి, రనప్ పెంచుదాం, మూడు నెలల్లో మారిపోతాడు" అన్నాడా, దండం పెట్టి వచ్చెయ్యండి.

మోచెయ్యి సంగతి కూడా అక్కడే అడగొచ్చు. బంతి వేసేటప్పుడు మోచెయ్యి 15 డిగ్రీలకు మించి చాపుకుంటే ఐసీసీ నియమాల ప్రకారం అది త్రో కిందికి, అంటే చెల్లని విసురు కిందికి వస్తుంది. డిగ్రీలు కంటితో తేల్చలేం గానీ, అనుభవం ఉన్న మాస్టారికి అనుమానం వస్తుంది. పద్నాలుగేళ్ల దాకా ఎవరూ చెప్పక, సెలెక్షన్ మ్యాచ్‌లో అంపైర్ నోట వినాల్సి రావడం కన్నా ముందే తెలుసుకోవడం నయం.

"మా వాడి యాక్షన్ మారుస్తారా?" అని కూడా అడగండి. నాకు నచ్చే జవాబు "కొన్నాళ్లు చూడనివ్వండి" అన్నది. యాక్షన్ మారిస్తే కొన్ని నెలలు వేగం పడిపోతుంది, లైన్ తప్పుతుంది, పిల్లాడికి ఏడుపొస్తుంది. ఆ సంగతి ముందే చెప్పేవాడు, టోర్నమెంట్లు లేని కాలంలో ఆ పని పెట్టుకునేవాడు నమ్మదగ్గ మనిషి. బీసీసీఐ లెవెల్ 1, లెవెల్ 2 సర్టిఫికెట్లు ఉంటే మంచిదే, అడగడానికి మొహమాటపడొద్దు. అయితే అవి క్రికెట్ నేర్పడానికి ఇచ్చిన కాగితాలు. ఫాస్ట్ బౌలింగ్ మీద ఆయన కన్ను ఎంత పదునో ఫోన్ పరీక్షలోనే తేలుతుంది.

వేసవి క్యాంపు చిక్కు

మన దగ్గర ఏటా ఒకే కథ జరుగుతుంది. జనవరి నుంచి పరీక్షల పేరుతో బంతి ముట్టనివ్వం. మార్చి, ఏప్రిల్‌లో పరీక్షలు అయ్యీ అవగానే వేసవి క్యాంపులో పడేస్తాం, పొద్దునా సాయంత్రం, రోజూ. మూడు నెలలు ఊరుకున్న ఒంటి మీద ఒక్కసారిగా పెద్ద బరువు పడుతుంది. ఎక్కువ వెయ్యడం కన్నా అకస్మాత్తుగా ఎక్కువ వెయ్యడం ప్రమాదకరం. పైగా మే నెల ఎండ, తీరప్రాంతపు ఉక్కపోత. ఏడింటికే చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది.

కనుక వేసవి క్యాంపు, ఏడాది పొడవునా కోచింగ్ అన్న రెండింట్లో ఫాస్ట్ బౌలర్‌కి నేను రెండోదే చెబుతాను, వారానికి రెండు రోజులే అయినా సరే. పరీక్షల నెలల్లో కూడా వారానికొకసారి నాలుగైదు ఓవర్లు వేయనిస్తే చదువేమీ పాడైపోదు. క్యాంపు తప్పదనుకుంటే మొదటి వారం రోజు విడిచి రోజు, రెండు మూడు ఓవర్లతో మొదలుపెట్టించే కోచ్‌ని చూడండి. మొదటి రోజే "దమ్ము చూపించరా" అనేవాడిని కాదు.

పిచ్ సంగతి కూడా చూడండి. మన నెట్స్‌లో చాలాచోట్ల కింద సిమెంటు, పైన మ్యాట్. బౌలర్ కాలు పడే చోట మ్యాట్ కూడా ఉండదు, వట్టి సిమెంటు. ఆ దెబ్బ మడమకీ పిక్క ముందు ఎముకకీ తగులుతుంది. రనప్, కాలు పడే చోటు మట్టి గానీ గడ్డి గానీ ఉన్న నెట్, పేరు లేని అకాడమీదైనా సరే, బౌలర్‌కి అదే మేలు. పదకొండేళ్ల వాడికి పెద్దల బంతి ఇస్తున్నారేమో కూడా గమనించండి. పెద్దల బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది, 13 ఏళ్ల లోపు వాళ్లది 133 నుంచి 144. ఆడవాళ్ల బంతి 140 నుంచి 151. అమ్మాయిని బౌలింగ్‌కి పంపేవాళ్లు ఇది అడిగి తీరాలి, ఎందుకంటే మగపిల్లల నెట్‌లో అమ్మాయి చేత కూడా మగపిల్లల బంతితోనే వేయిస్తుంటారు.

డబ్బు, మాటలు

నెల ఫీజు ఎంత అన్నదాని కన్నా ఆ డబ్బుకి మాస్టారు మీ వాడి వైపు ఎన్ని నిమిషాలు చూస్తాడన్నది లెక్క వేసుకోండి. వారానికి ఒక గంట, ఇద్దరే పిల్లలు, ఫీజు కాస్త ఎక్కువ. రోజూ రెండు గంటలు, ముప్పై మంది, ఫీజు తక్కువ. నిమిషాల లెక్కన మొదటిదే చవక పడొచ్చు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు అంటే ఆశపడొద్దు. నెల నెలా కట్టే వెసులుబాటు ఉంటేనే నచ్చనప్పుడు మానెయ్యగలం.

"సెలెక్షన్ సంగతి నేను చూసుకుంటాను" అనే మాట వినిపిస్తే అక్కడితో ఆపెయ్యాలి. పుట్టినతేదీ కాస్త అటూ ఇటూ చేద్దాం అనేవాడు ఇంకా ప్రమాదం. అండర్-16 స్థాయిలో బీసీసీఐ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తుంది. దొరికితే శిక్ష పడేది పిల్లాడికి, ఆ సలహా ఇచ్చినవాడికి కాదు. ప్రాక్టీస్ టైములో తల్లిదండ్రులు గ్రౌండ్ దగ్గరికి రాకూడదనే నియమం కూడా నేను ఒప్పుకోను. లోపలికొచ్చి గోల చెయ్యొద్దంటే సరే, దూరంగా కూర్చుని చూడనివ్వాలి. ఒక్క పిల్లాడితోనో పిల్లతోనో విడిగా జరిగే కోచింగ్ అయితే అది నలుగురు కనిపించే చోటే జరగాలి.

వాకబు చేసేటప్పుడు ఇప్పుడు అక్కడ నేర్చుకుంటున్న పిల్లల తండ్రుల్ని అడిగితే పొగుడుతారు, ఫీజు కడుతున్నారు కదా. మానేసిన వాళ్లని వెతికి పట్టుకోండి. "ఎందుకు మానేశారండీ?" అన్న ఒక్క ప్రశ్న చాలు. చదువు కోసమంటే ఫర్వాలేదు. ఇద్దరు ముగ్గురు "నడుం నొప్పండీ" అన్నారంటే, ఆ అకాడమీ గోడ మీద ఎన్ని కప్పులున్నా నాకు అక్కర్లేదు.

ఏ వయసుకి ఏది

పదకొండు దాటని పిల్లాడికి ప్రత్యేకంగా ఫాస్ట్ బౌలింగ్ కోచ్ అక్కర్లేదు. బడిలో మంచి పీఈటీ మాస్టారు ఉండి పరుగు, గెంతు, విసురు చేయిస్తే సరిపోతుంది, లేదంటే ఊళ్లో అకాడమీ బ్యాచ్. పన్నెండు నుంచి పదిహేను మధ్య, ఒక్కసారిగా పొడుగు సాగే ఆ రెండు మూడేళ్లే గాయాలకు అసలు వయసు. డబ్బు ఖర్చు పెట్టేదుంటే ఇక్కడే పెట్టండి: ఊళ్లో విడిగా చూసే పాత బౌలర్, వీలైతే అప్పుడప్పుడు విశాఖలో ఒక చూపు. ఇన్‌స్వింగ్, స్లో బాల్, యార్కర్ అంటూ వెరైటీలు ఇప్పుడే వద్దు. సీమ్, అంటే బంతి మీది కుట్టు, నిటారుగా పట్టుకుని పది బంతుల్లో ఏడు అనుకున్న చోట వేయించేవాడు చాలు. పదహారు తర్వాత దారి మారుతుంది. అప్పటికి జిల్లా జట్టులో ఉంటే సంఘం క్యాంపులు, వ్యాయామానికి మంచి జిమ్ ట్రైనర్ ముఖ్యం. జట్టులో లేకపోతే ఇంటి దగ్గరి మాస్టారే అసలు ఆధారం.

ఎవరిని ఎంచుకున్నా ఒక నోట్‌బుక్ పెట్టి పిల్లాడి చేతే రాయించండి: ఏ రోజు ఎన్ని బంతులు, ఎక్కడైనా నొప్పి ఉందా. బడి మ్యాచ్, నెట్, వీధిలో టెన్నిస్ బంతి, సంక్రాంతికి ఊళ్లో జరిగే టోర్నమెంటు, అన్నీ అందులోకే రావాలి. మాస్టారికి తెలియకుండా వేసే బంతులు సంక్రాంతి వారంలోనే ఎక్కువ. నడుములో ఒకే పక్క నొప్పి, అదీ వెనక్కి వంగినప్పుడు పెరుగుతోందంటే బౌలింగ్ ఆపి ఎముకల డాక్టరుకి చూపించాలి. మొదట్లో ఇలాంటి పగులు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎమ్మారైలో బయటపడుతుంది. "అలవాటైపోతుందిలెండి, బామ్ రాయండి" అన్న మాస్టారి దగ్గరికి మర్నాడు పంపొద్దు.

మానెయ్యాల్సి వస్తే చెప్పాపెట్టకుండా మాత్రం మానెయ్యకండి. మనవి చిన్న ఊళ్లు. ఆ మాస్టారే రేపు సెలెక్షన్ గ్రౌండ్‌లో కనిపిస్తారు, ఎల్లుండి ఎవరి పెళ్లిలోనో భోజనాల బంతిలో పక్కన కూర్చుంటారు. నెలాఖరున బాకీ లేకుండా ఫీజు ఇచ్చి, "కొన్నాళ్లు వేరేచోట చూపిద్దామనుకుంటున్నాం మాస్టారూ" అని తండ్రో తల్లో ఎదురుగా చెప్పాలి. ఆ మాట పిల్లాడి చేత చెప్పించొద్దు.